మిద్దె మీద సుబ్బమ్మ కాయ

బక్కెట్లో మిరపచెట్టు పెంచడం చేతకాని రైతులు ఉంటారా అంటే, ఉంటారు. నేనున్నాను. మోక ఊళ్లో నల్లరేగడి పొలం ఉన్న ఇంటికి కోడలిగా వచ్చి, నలభై ఏళ్లు మిరపనారు నాటి, కలుపు తీసి, కాయ కోసి, కళ్లంలో ఆరబోసి, ఆ ఘాటుకు తుమ్మి తుమ్మి ముక్కు ఎర్రబడిన మనిషిని. అలాంటి నేను బళ్ళారి కంటోన్మెంటులో మా అబ్బాయి కేశవ అద్దెకున్న ఇంటి మిద్దె మీద, రెండు పెయింటు బక్కెట్లలో, ఇరవై నాలుగు విత్తనాలను చేతులారా చంపుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా చెప్పాలి. చెప్పకపోతే యూనీసు చేసిన మేలు ఎవరికీ తెలియదు, ఆమె తనంతట తాను చెప్పుకునే మనిషి కాదు.

ముందు ఆ విత్తనం సంగతి. మా అత్త సుబ్బమ్మ ఆలూరు పక్కనుండే పుట్టింటి నుంచి కాపురానికి వస్తూ చీరకొంగున ముడి వేసుకొచ్చిన మిరప అది. దానికి కంపెనీ పేరు లేదు, నంబరు లేదు. మా ఇంట్లో దాన్ని సుబ్బమ్మ కాయ అంటాం. వేలెడు పొడవు, వెడల్పాటి భుజాలు. కొస మాత్రం కొడవలిలా ఒక పక్కకు వంగి ఉంటుంది. ఆ వంపు లేకపోతే అది సుబ్బమ్మ కాయ కాదు. కొరికితే మొదట ఏమీ తెలియదు, కొంచెం తియ్యగా కూడా ఉంటుంది. పది లెక్కపెట్టేలోగా చెవులు వేడెక్కుతాయి. మా ఆయన బతికున్నన్నాళ్లూ ఆ కాయతో నూరిన ఎర్రకారం లేకుండా జొన్నరొట్టె ముట్టలేదు.

పొలంలోకి హైబ్రిడ్ మిరప వచ్చి ఇరవై ఏళ్లయింది. అందరూ వేశారు, మేమూ వేశాం. పెరట్లో ఒక్క సాలు మాత్రం సుబ్బమ్మ కాయకు ఉంచుకున్నాం. ఏటా మంచి కాయలు ఏరి, దారానికి గుచ్చి, వంటింట్లో పొయ్యికి పైన పొగ తగిలేచోట వేలాడదీసేవాళ్లం. అదే మరుసటేటి విత్తనం. నాలుగేళ్ల కిందట పూతలో నల్ల తామరపురుగు పడింది. ఊరి మిరపంతా మాడిపోయింది, మా పెరటి సాలు కూడా పోయింది. ఆ మరుసటేడు మా ఆయన పోయాడు. పొలాన్నీ ఇంటినీ గుత్తకిచ్చి కొడుకు దగ్గరికి వచ్చాను. నాతో వచ్చినవి ఒక బట్టల పెట్టె, మూడు ఎండుకాయలున్న ఒక దారం.

ఆ మూడు కాయలను చాలారోజులు ముట్టలేదు. మొన్న జూన్‌లో తొలి వాన పడినప్పుడు మనసు ఆగక విప్పాను. లోపల విత్తనాలు సగానికి పైగా నల్లబడి ఉన్నాయి. పసుపుపచ్చగా, గట్టిగా ఉన్నవి ఏరితే ముప్పై ఆరు వచ్చాయి. మిరప విత్తనం ఎక్కువ ఏళ్లు నిలవదు. ఈ ఏడు మొలవకపోతే ఇక మొలవదు. మొలిస్తే సుబ్బమ్మ కాయ ఉన్నట్టు, లేకపోతే లేనట్టే. ఊళ్లో ఇంకెవరింట్లోనూ లేదు, అడిగి చూశాను.

మా కేశవకు ఇవేవీ పట్టవు. వాడి లారీలు యశ్వంతనగర్ నుంచి ఇనుపరాయి మోస్తాయి, వాడి మనసూ వాటి వెంటే తిరుగుతుంది. "మిరపకాయే గదమ్మా, మార్కెట్‌లో తెస్తాలే" అన్నాడు. మర్నాడు మోక వెళ్లి, మా పొలం గట్టున రెండు సంచుల నల్లమట్టి నింపుకొని బస్సెక్కాను. "ఏనమ్మా, మణ్ణా?" అని కండక్టరు నవ్వాడు. "మట్టి గాదప్పా, బంగారం" అన్నాను.

ఆ బంగారాన్ని రెండు బక్కెట్ల నిండా పోసి, ఇరవై నాలుగు విత్తనాలు పెట్టి, నీళ్లు పోశాను. బట్టలు ఆరేయడానికి మిద్దెక్కిన యూనీసు అప్పుడే చూసింది. కింది వాటాలో ఉంటుంది. నాకంటే ఐదారేళ్లు చిన్నది. హైస్కూల్లో సైన్సు ల్యాబు అటెండరు. భర్త లేడు, కూతురు హుబ్బళ్ళిలో నర్సు. మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన ఆమెవి ఆరు బక్కెట్లుండేవి, ఆరింటిలోనూ సన్నకాయ మిరపే.

"రామక్కా, బక్కెట్లకు తూట్లు పెట్టలేదే?" అంది. "వట్టి రేగడైతే బక్కెట్లో బిగుసుకపోతాది. ఇంత ఎర్రమట్టి కలుపుకోరాదా?"

నాకు ఒళ్లు మండింది. నల్లరేగడిలో ఎర్రమట్టి కలపమనడం మా వైపు పాలల్లో నీళ్లు కలపమనడమే. పైగా నాకు మిరప గురించి చెప్పడం!

"మూడు తరాలుగా మిరప పండిచ్చినోళ్లం మేము. నువ్వు నాకు చెప్తాండావా యూనీసమ్మా? మీకు సెంటు నేలన్నా ఉండాదా?"

"లేదక్కా" అని, మిగిలిన బట్టలు ఆరేసుకుని కిందికి పోయింది. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. నోరు నాది, అదుపు మాత్రం ఎవరిదో.

ఆ వారం రెండు రోజులు వాన కురిసింది. బక్కెట్లో మట్టి ఉబ్బి, పైన నీళ్లు నిలిచాయి. పొలంలో అయితే నీళ్లు లోపలికి ఇంకడానికి బోలెడు లోతు ఉంటుంది. బక్కెట్లో జానెడు కింద ప్లాస్టిక్కే. తర్వాత బళ్ళారి ఎండ సంగతి తెలిసిందే కదా, నాలుగు రోజులకు మట్టి రాయిలా బిగిసి, నెర్రెలిచ్చి, బక్కెట్టు అంచు వదిలేసింది. నాలుగు మొలకలు వచ్చినట్టే వచ్చి, నెర్రెల్లో వేళ్లు తెగి పడిపోయాయి. మిగిలినవి తవ్వి చూస్తే కుళ్లి ఉన్నాయి.

మిద్దె మీదే కూలబడ్డాను. నలభై ఏళ్లు మిరప పండించిన చేయి ఇదేనా అనిపించింది. పసుపు డబ్బాలో ఇంకా పన్నెండు విత్తనాలున్నాయి. మా అత్త కొంగున కట్టుకొచ్చింది నా చేతుల్లో ఆఖరైపోతుందేమోనని భయం వేసి, చాలాసేపు ఏడ్చాను. ఏడవడం అయ్యాక ముఖం కడుక్కుని, ఆ డబ్బా పట్టుకుని కింది వాటా తలుపు తట్టాను.

యూనీసు నా ముఖం చూసింది, డబ్బా చూసింది. పాత మాట ఎత్తలేదు. "కాఫీ తాగుతావా?" అంది. కాఫీ అయ్యాక విత్తనాలను తెల్లకాగితం మీద పోసుకుని, కళ్లజోడు సవరించుకుని ఒక్కొక్కటి చూసింది.

"పన్నెండే. నాకు భయమైతాంది రామక్కా."

"భయపడేది నేను. నువ్వు పని చెప్పు."

చెప్పింది. విత్తనాలను పల్చటి మజ్జిగలో ఒక రాత్రి నానబెట్టి, తడిబట్టలో మూటకట్టి, మా ఫ్రిజ్ వెనకాల వెచ్చగా ఉండేచోట పెట్టించింది. మా కోడలు హారతి పొట్టపట్టుకుని నవ్వింది. "ఫ్రిజ్ లోపల పెట్టేది చూసినా గానీ, వెనకాల పెట్టేది ఈడే చూస్తాండా అత్తా" అంది. తర్వాత ఇద్దరం ఇనుప కడ్డీని గ్యాసు పొయ్యి మీద ఎర్రగా కాల్చి బక్కెట్ల అడుగున తూట్లు పెట్టాం. తూట్ల మీద పెంకు ముక్కలు, పైన సండూరు దారి నుంచి కేశవ డ్రైవరు తెచ్చిన ఎర్రమట్టి, కొబ్బరిపీచు పొడి, మాగిన మేకల ఎరువు. అన్నీ కలిపాక యూనీసు నా సంచీ వైపు చూసింది.

"నీ బంగారం కూడా నాలుగు దోసిళ్లు ఎయ్యి. దానికీ పుట్టింటి మట్టి తెలియాల గదా" అంది.

ఎగతాళి అనుకుని ముఖంలోకి చూశాను. కాదు, నిజంగానే అంటోంది.

కడ్డీ కాలుతుండగా ఇంకో మాట కూడా చెప్పింది. "ఆపొద్దు నువ్వన్నది నిజమే రామక్కా. మాకు సెంటు నేల లేదు, మా నాయనకీ లేదు. అందుకే ఈ బక్కెట్లు. నవంబరులో మా చర్చిలో కోతపండుగ చేస్తారు. ఎవరు పండిచ్చింది వాళ్లు తొలిఫలమని తెచ్చి దేవుని ముందర పెడతారు. పొలముండేటోళ్లు జొన్నకంకులు తెస్తారు, లేనోళ్లు కోడిగుడ్లు తెస్తారు, కుట్టుపని చేసేటోళ్లు కుట్టింది తెస్తారు. మా అమ్మ బక్కెట్లో మిరప పెంచి పళ్లెం నిండా తీసుకపోయేది. ఆమె పోయినాక నేను. ఇరవై రెండేండ్లాయె, ఒక్క యేడూ తప్పలేదు. మా సంఘం పెద్దాయన సామ్యేలప్ప పేర్లు సదివేటప్పుడు 'యూనీస్, మిరపకాయలు' అంటాడు సూడు, ఆ ఒక్క మాట కోసమే ఏడాదంతా నీళ్లు పోస్తా."

ఆ మాట విన్నాక నేను అన్న మాటకు మరింత సిగ్గేసింది. అయినా క్షమించమని అనలేదు. మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు.

ఏడో రోజుకు మూట విప్పితే పన్నెండులో ఐదు పగిలి తెల్లని మొనలు చూపించాయి. ఇద్దరం ఒకరి చేతులొకరం పట్టుకుని గట్టిగా అరిచేశాం. కాగితం కప్పుల్లో నారు పెంచాం. ఒకదాన్ని పావురం పెకిలించింది. నాలుగు నిలబడ్డాయి. జూలై చివర్లో నాలుగూ నాలుగు బక్కెట్లలోకి మారాయి.

నాటిన రోజు యూనీసు నన్ను ఒక ప్రశ్న అడిగింది. "మోకలో మీ పెరటి పక్కన ఏముండె?"

"పొలమే. హైబ్రిడ్ మిరప."

"కాయ వంపు ఈమధ్య తగ్గుతా వచ్చిందా?"

"నీకెట్ల తెలుసు? హౌదు, నిజమే, ఐదారేండ్ల నుంచి పదికాయల్లో రెండు మూడు తిన్నగా వస్తాండె. కాలం చెడిపోయింది, ఇంకేముంది."

ఆమె నా నాలుగు బక్కెట్ల వైపు, ట్యాంకు పక్కనున్న తన ఆరు బక్కెట్ల వైపు ఒకసారి చూసుకుంది. ఎందుకు చూసిందో నేను పట్టించుకోలేదు.

సెప్టెంబరుకు చెట్లు నడుమెత్తు పెరిగి పూత పట్టాయి. చెట్టు నిలబడగానే నా పాతబుద్ధీ లేచి కూచుంది. చెట్టెక్కడ చెడిపోతుందోనని ఎవరినీ ముట్టనివ్వలేదు. యూనీసు ఆకు తిప్పి పురుగుందేమో చూడబోతే, "ముట్టొద్దు తల్లీ, పూత రాలుతాది" అన్నాను. తెల్లటి పూల మీద చిన్న చిన్న తేనెటీగలు తిరుగుతుంటే కాఫీ గ్లాసు పట్టుకుని గంటలు గంటలు చూసేదాన్ని. పొద్దున ఏడింటికి నేను మిద్దెక్కేసరికి యూనీసు ఎప్పుడూ కిందికి దిగుతూ ఎదురయ్యేది. స్కూలు టైమని అనుకునేదాన్ని. ఆమె కుడిచేతి బొటనవేలి గోరు పచ్చగా మరకపడి ఉండేది. ఆకుకూర గిల్లుతుంది కాబోలనుకున్నాను.

వింతేమిటంటే, ఆమె ఆరు చెట్లకూ ఒక్క పూవు లేదు. ఆకు మాత్రం దట్టంగా, నిగనిగలాడుతూ ఉండేది.

"ఏంది యూనీసమ్మా, నీ చెట్లు ఆకుకూర మడి మాదిరి ఉండాయే?"

"రెస్టు తీసుకుంటాండాయిలే అక్కా" అని నవ్వేసేది.

నేను ఊరుకుంటానా? పాలబూతు దగ్గర నిలబడి, నాకు బక్కెట్టు విద్య నేర్పిన ఆవిడ చెట్లు గొడ్డుపోయాయని, నావేమో విరగబూశాయని పదిమందికి చెప్పాను. టీచరమ్మ పిల్లలే ఫెయిలయ్యారని నవ్వాను. వాళ్లూ నవ్వారు. ఆ నవ్వులు యూనీసు చెవిన పడే ఉంటాయి, పాలకు ఆమె కూడా అక్కడికే వస్తుంది.

అక్టోబరులో పిందెలు కాయలయ్యాయి. మొదటి చెట్టు కాయ కొస పక్కకు తిరిగింది. రెండోదీ, మూడోదీ అంతే. ఆ వంపు చూసి హారతిని కేకేశాను. ఫోన్లో ఫోటో తీయించి కేశవకు పంపించాను. "అవ్వ కాయే!" అని వాడు లారీల మధ్య నుంచే ఫోన్ చేశాడు. వాడి గొంతులో అంత సంతోషం చాలా రోజుల తర్వాత విన్నాను. మిగతావాటికంటే ఒక పక్షం ఆలస్యంగా పూసిన నాలుగో చెట్టుకు మాత్రం కాయలు తిన్నగా, సన్నగా వచ్చాయి.

యూనీసు ఆ చెట్టును చూసి, "దీన్ని తీసేయి రామక్కా" అంది.

"కాసే చెట్టును పీకాల్నా? నీకు కాయలేదని నాది పీకమంటాండావా?"

ఆమె ముఖం చిన్నబోయింది. మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆమె వెనకాలే వెళ్లాల్సింది. వెళ్లలేదు.

ఆ నెలాఖరులో ఒక పొద్దున కొళాయిలో నీళ్లు ఆగిపోయాయి. ట్యాంకు చూద్దామని ఆరు గంటలకే మిద్దెక్కాను. యూనీసు బక్కెట్ల మధ్య గొంతుక్కూర్చుని ఉంది. వీపు నా వైపు. పక్కన స్టీలు గిన్నె, గిన్నె నిండా మిరపపూలు. అప్పుడే విచ్చిన తెల్లటి పూలు.

మోకాళ్ల నొప్పి ఎటు పోయిందో, ఒక్క అంగలో వెళ్లి ఆ గిన్నె లాక్కున్నాను. పూలన్నీ నేల మీద పడ్డాయి.

"నా పూత తెంపుతాండావా! నీ చెట్లు పూయలేదని నా కడుపు కొడతాండావా యూనీసూ!"

ఆమె లేచి నిలబడింది. పచ్చబడిన వేలితో నా బక్కెట్ల వైపు చూపించింది.

"నీ చెట్లు సూసుకో రామక్కా. ఒక్క పూవన్నా తక్కువుందేమో సూసుకో."

తిరిగి చూశాను. నా నాలుగు చెట్లూ నిన్నటిలాగే పూలతో, కాయలతో ఉన్నాయి. ఎవరూ ముట్టలేదు. అప్పుడు ఆమె చెట్ల వైపు చూశాను. దగ్గరగా వంగి చూశాను. ప్రతి కణుపు దగ్గరా గిల్లేసిన గుర్తు. కొన్ని ఎండినవి, కొన్ని అప్పుడే గిల్లి తడిగా ఉన్నవి. ఆకుకూర మడి అని నేను నవ్విన ఆ చెట్లు అన్నాళ్లూ పూస్తూనే ఉన్నాయి.

"నీ పూలు నువ్వే గిల్లుకుంటాండావా? ఎందుకు?"

"తేనెటీగ నా చెట్టు మీద వాలి నీ చెట్టు మీదికి పోతాది అక్కా. నా సన్నకాయ పుప్పొడి నీ పూవులో పడితే కాయ సుబ్బమ్మ కాయే అయితాది గానీ, లోపలుండే విత్తనం కలిసిపోతాది. వచ్చే యేడు వంపు పోతాది. మోకలో మీకు జరిగింది అదే. పెరటి పక్కనే హైబ్రిడ్ గదా, ఏటేటా కొంచెం కొంచెం కలిసిపోయింది. కాలం చెడిపోలేదు. ఆ నాలుగో చెట్టు మోకలోనే కలిసిపోయి వచ్చిన విత్తనం. అందుకే దాన్ని తీసేయమన్నా."

"ఇదంతా నీకెట్ల తెలుసు?"

"ఇరవై ఎనిమిదేండ్లు ల్యాబులో గాజు సీసాలు కడిగినా. ఏటా అదే పాఠం. పరీక్ష రాసింటే నేనూ పాసయ్యుందును." ఆ సమయంలో కూడా కొంచెం నవ్వింది.

"మరి నీ బక్కెట్లు ఇంకో చోట పెట్టుకోరాదా?"

"యాడ పెట్టాల? కింద ఎండ రాదు."

"నా చెట్లకు వల కట్టమనుంటే?"

"నువ్వు చెట్టు ముట్టనీవు గదా, వల ఎట్ల కట్టేది?"

"నాకు చెప్పుండొచ్చు గదా" అన్నాను.

"చెప్తే ఏం చేస్తావు? నా పూత పోతాందని పౌరుషానికి పోయి నీ బక్కెట్లు కిందికి దించుకుంటావు. ఎండ లేక అవి చస్తాయి. పన్నెండు విత్తనాలు పెట్టినాం, నాలుగే నిలబడినాయి. అవి పోతే ఇంక యాడ తెస్తావు? నా సన్నకాయ అంగడిలో ఏ పొద్దైనా దొరుకుతాది."

నేల మీద పడిన పూలను ఏరుదామని వంగాను. కళ్లు కనబడలేదు. రెండు నెలలు, ప్రతి పొద్దునా, తన చెట్టు పూతను తన గోటితో గిల్లేసుకుంటూ ఈ మనిషి నా ఎగతాళిని నవ్వుతూ మోసింది. నా సొంత అక్కచెల్లెళ్లు కూడా ఇంత పని చేసి ఉండరు.

"తప్పైపోయింది యూనీసూ" అన్నాను. అరవై మూడేళ్లలో ఆ మాట నా నోట రావడం అదే మొదలు. "నా నోరు మంచిది గాదు. నువ్వు మాత్రం నా పాలిట దేవతవమ్మా."

"దేవత యాడుందిలే. గిన్నె ఇట్లియ్యి, ఇంకా రెండు చెట్లుండాయి" అంది.

ఆ పొద్దున మిగిలిన పూత ఇద్దరం కలిసి గిల్లాం. గిల్లేటప్పుడు ప్రతి పూవుకూ నాకు ప్రాణం ఉసూరుమంది. ఆమెకు రోజూ అలాగే ఉండేదేమో. మధ్యలో హఠాత్తుగా గుర్తొచ్చింది.

"కోతపండుగ ఎప్పుడు?"

"వచ్చే నెల రెండో ఆదివారం."

"ఏం తీసుకపోతావు?"

ఆమె గిల్లడం ఆపలేదు. "ఉప్పు ప్యాకెట్టు. చానామంది తీసుకపోతారు. దేవుడేమీ అనుకోడు."

దేవుడు అనుకోకపోవచ్చు. ఆమె అనుకుంటుందని నాకు తెలుసు. ఒక్క మాట కోసం ఏడాదంతా నీళ్లు పోస్తానన్నది నాతోనే కదా.

కిందికి దిగేముందు నాలుగో చెట్టును వేళ్లతో సహా పీకేశాను. నిండా కాయలున్న చెట్టు. చేయి రాలేదు, అయినా పీకాను. ఆ కాయలతో హారతి బజ్జీలు వేసింది, కేశవ లొట్టలేసుకుంటూ తిన్నాడు.

పండుగ ముందురోజు శనివారానికి నా మూడు చెట్ల మీద పండి ఎర్రబడినవి పదకొండు కాయలు. మా అత్త చెప్పిన పద్ధతి ప్రకారం తొలికాపు మొత్తం విత్తనానికే. తొలికాపు విత్తనమే బలంగా ఉంటుందనేది ఆమె. పదకొండూ దారానికి గుచ్చాలి. ఆ పదకొండింటినీ ఒళ్లో పోసుకుని ఒక్కొక్కటి తిప్పి వంపు చూశాను. తర్వాత ఐదు పక్కకు పెట్టి, వంపు చక్కగా తిరిగిన ఆరింటిని మంచి స్టీలు పళ్లెంలో సర్దాను. ఆరు బక్కెట్లకు ఆరు కాయలు.

యూనీసు ఆ పళ్లెం చూసి గుమ్మంలోనే అడ్డం నిలబడింది. "వద్దు రామక్కా, అవి విత్తనం కాయలు. ఇయ్యాల్ననుంటే ఆ పీకేసిన చెట్టువి రెండు మిగిలుంటే ఇయ్యి, చాలు."

"కలిసిపోయిన కాయ దేవుని ముందర పెట్టేదా? నీ దేవుడైతే ఏంది, పళ్లెం మోసుకపోయేది నేను. నువ్వు సుమ్నే, మాట్లాడకుండా నడువు" అన్నాను.

చర్చి లోపలికి వెళ్లడం నాకదే మొదటిసారి. కంటోన్మెంటులో వచ్చేపోయేటప్పుడు బయటి గోడ చూశానంతే. లోపల చెరుకుగడలు, అరటిగెలలు, గుమ్మడికాయలు. ఒకామె పొదుగుతున్న కోడిని బుట్టతో సహా తెచ్చింది, అది ప్రార్థనలో అరుస్తుందేమోనని అందరికీ భయం. వాకిలి దగ్గర బల్ల వేసుకుని సామ్యేలప్ప చీటీలు రాస్తున్నాడు. సంఘంలో పెద్ద, తెల్లజుట్టు, చెవి కొంచెం దూరం.

"ఎవరి పేరు రాయాల?" అన్నాడు పళ్లెం చూసి.

"రామక్క అని రాయప్పా. మోక రామక్క" అంది యూనీసు, నన్ను ముందుకు తోస్తూ.

"రాయొద్దు" అన్నాను. "యూనీస్ అని రాయి సామ్యేలప్పా."

"నేను ఈ యేడు ఒక్క కాయ కూడా కాయిచ్చలేదు" అంది ఆమె నా చెవిలో. "పండిచ్చినోళ్ల పేరే రాయాల. చర్చిలో అబద్ధం ఆడకూడదు రామక్కా."

సామ్యేలప్ప పెన్ను పైకెత్తి మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. వెనక జనం ఆగిపోయారు. నాకు మళ్లీ కోపం వచ్చింది, ఈసారి మంచి కోపం.

"అబద్ధమేముంది? నువ్వు కాయిచ్చుంటే ఇవి ఇట్ల ఉంటాయా? నువ్వు కాయిచ్చనందుకే ఇవి ఉండాయి. నీళ్లు పోసింది నేనే, ఒప్పుకుంటా. పండిచ్చింది మాత్రం నువ్వు" అన్నాను. చెవి దూరమైన సామ్యేలప్పకు కూడా వినబడేంత గట్టిగానే అన్నాను.

ఆయన రాసుకున్నాడు.

వెనక బల్ల మీద ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. పాటలయ్యాక ఆయన లేచి పేర్లు చదివాడు. జొన్నకంకులు, గుమ్మడికాయలు, కోడి బుట్ట. తర్వాత కళ్లజోడు సవరించుకుని చదివాడు.

"యూనీస్. మిరపకాయలు."

ఎవరూ తల తిప్పి చూడలేదు. ఇరవై రెండేళ్లుగా వింటున్న మాటే కదా, ఇది ఇరవై మూడోసారి. పక్కన ఈమె మాత్రం బల్ల కింద నా చేయి పట్టుకుని వదల్లేదు. దించిన నా కళ్లకు ఆ బొటనవేలి గోరు కనబడింది. పండుగ చీర కట్టుకుని బయల్దేరేముందు కూడా మిద్దెక్కి గిల్లి వచ్చినట్టుంది. గోరంతా పచ్చగా ఉంది.